రెయిన్‌కోటు తాడు

తాడు లేదు. వాన మొదలవగానే రెయిన్‌కోటు టోపీ నెత్తిమీదికి లాక్కుని, రెండు కొసలూ పట్టుకుని బిగించుకుందామని అలవాటుగా గడ్డం కింద చెయ్యి పెట్టాను. వేళ్లకి రెండు చిల్లులు తగిలాయి. జేబులో పెట్టుకున్నానేమోనని జేబు తిరగేశాను, తడిసి ముద్దయిన కాగితమూ ఒక బ్యాటరీ మూతా సగం కరిగిన పిప్పరమెంటూ వచ్చాయి గానీ తాడు రాలేదు, ఎలా వస్తుంది, చెయ్యి జేబులో ఉండగానే నాకు తెలిసిపోయింది అదెక్కడుందో. పైన, అడవిలో, ఆ తేనెపిట్ట గూడు దగ్గర ఉంది. గూటికి గొడుగులా అడ్డం ఉన్న వెడల్పాటి ఆకుని కొమ్మతో సహా వెనక్కి లాగి, ఈ తాడుతోనే పక్క కాండానికి కట్టాను. ఫొటో తీశాను. వచ్చేశాను. విప్పలేదు. గుండె జారి కడుపులో పడడం అంటారే, ఉత్త మాట అనుకునేదాన్ని, నిజంగానే జారుతుంది, చప్పుడు కూడా వినిపిస్తుంది. రేకుల మీద వాన చప్పుడేమో అది. తెలీదు.

పడవ పదకొండింటికి. ఇప్పుడు పది దాటి అయిదు నిమిషాలు. రేవంటే ఏముంది, నీళ్లలోకి దిగే నాలుగు చెక్క మెట్లు, పైన రేకుల షెడ్డు, ఒక బల్ల, బల్ల నిండా మా కెమెరా సంచులు, వాటి మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా. మనుషులకి బల్ల మీద చోటు లేదు, సంచులకుంది, మా ఫొటోగ్రాఫర్ల సంగతి ఇలాగే ఉంటుంది. పళ్ల డాక్టరు నిలబడి లెన్సు తుడుచుకుంటున్నాడు. పోస్టాఫీసాయన, ఆయన భార్య ఒక మూల నిలబడి, వాన తగ్గుతుందని ఒకరూ తగ్గదని ఒకరూ నిన్న మొదలుపెట్టిన తగాదాని కొనసాగిస్తున్నారు. మా నలుగురికీ దారి చూపిన పిల్ల, పిల్లంటే ముప్ఫయ్యేళ్లుంటాయి, కింది మెట్టు మీద కూర్చుని తన బూట్ల నుంచి జలగలు ఏరుతోంది. రోజుకొకటే పడవ. ఇది దాటితే రేపే. సాయంత్రం మా విమానం. గూడు దగ్గరికి నా మోకాళ్లతో నలభై నిమిషాల ఎక్కుడు, దిగడం అరగంట, అంటే ఎవరికీ తెలియకుండా నేనే వెళ్లి విప్పి రావడం అనేది లేదు. ఆ పిల్ల పరిగెత్తితే పావుగంట. పావుగంట పోను, పావుగంట రాను, పడవకి ఇంకా టైముంటుంది. అంటే ఇప్పుడు నోరు తెరిచి ఒక్క మాట చెప్తే ఏమీ పోదు. విమానం పోదు, పడవ పోదు, ఎవరి కాలూ విరగదు. నా పరువు ఒక్కటే పోతుంది. ఆ ఒక్కటే పట్టుకుని నోరు మూసుకు నిలబడ్డాను. నోరు మూసుకోవడం నాకు కొత్త, ఎలా మూసుకోవాలో కూడా సరిగ్గా రాదు.

ఎన్ని మాటలు మాట్లాడిన నోరిది. మా ఊళ్లో రోడ్డు వెడల్పు చేస్తామని చెట్లు కొట్టేసినప్పుడు, నలభై మూడు మొద్దుల ఫొటోలు తీసి మునిసిపల్ ఆఫీసు ముందు బట్టకి కుట్టి వేలాడదీసిన నోరు, నోరు కాదు చెయ్యి, రెండూ ఒకటే నాకు. ఆ బట్ట గాలికి కొట్టుకుపోకుండా స్తంభానికి కట్టడానికి, వంతెన పని చేసే ఒకాయన నాకొక ముడి నేర్పాడు. గాలి ఎంత లాగితే అంత బిగుస్తుందమ్మా, కత్తితో కోయాల్సిందే తప్ప ఊడదు అన్నాడు. ఇరవయ్యేళ్లుగా ఆ ముడే వేస్తున్నాను, ప్రతి బ్యానరుకీ, ప్రతి అట్టకీ, ఇంట్లో దోమతెరకి కూడా. చేతులకి ఇంకో ముడి రాదు. పొద్దున గూడు దగ్గరా అదే వేసి ఉంటాయి. వేశాయి. బొటనవేలికి ఇంకా ఆ ఒరిపిడి తెలుస్తోంది. దానంతటదే ఊడుతుందేమోనని ఒక క్షణం ఆశపడ్డాను, ఆ ఆశ పడగానే వంతెన ఆయన మొహం కనబడింది, నవ్వుతూ.

గూట్లో రెండు పిల్లలు. ఒంటి మీద నూగు కూడా లేదు, చిక్కుడు గింజంత శరీరాలు, చర్మం కింద పేగు నల్లగా కనిపిస్తుంది, కళ్లు తెరవలేదు, పెద్ద ఆకు ఊగితే తల్లి వచ్చిందనుకుని నోళ్లు తెరుస్తాయి. నేను కొమ్మ లాగినప్పుడు కూడా తెరిచాయి. నన్ను చూసి తెరిచాయి. ఆ ఆకు వాటికి కప్పు, గోడ, తలుపు. మాకు దారి చూపిన ఆ పిల్లే నిన్న చెప్పింది, వానైతే తల్లి వాటి మీద కూర్చుని కాస్తుందక్కా, ఎండకి ఎవరు కాస్తారు, తల్లి తేనెకి పోవాలి కదా, ఆకు లేకపోతే పది నిమిషాల్లో మాడిపోతాయి అని. పది నిమిషాలు. ఇప్పుడు వాన. వానే నయం. పడు, ఇంకా పడు, మూడు రోజులుగా ఎండ కోసం ఏడ్చాం అందరమూ, అడవిలో వెలుగు లేదని, ఆకుల కింద అంతా చీకటి గుహలా ఉందని, ఫొటోలన్నీ మట్టి కొట్టుకుపోయినట్టు వస్తున్నాయని, ఇప్పుడు నేను ఒక్కదాన్నే లోపల్లోపల వానని బతిమాలుతున్నాను, వెళ్లకు, నీ కాళ్లు పట్టుకుంటా వెళ్లకు. చెప్పొచ్చు కదే, వానని బతిమాలే బదులు. పది దాటి పన్నెండు నిమిషాలు.

“ఈ టైముకి తగ్గిపోతుందండీ” అన్నాడు పోస్టాఫీసాయన.

“మీరు నిన్న కూడా ఇదే అన్నారు. మీ మాట విని నిన్న నా చెప్పులు పోయాయి” అంది ఆవిడ.

“చెప్పులు వాన తీసుకుపోలేదే, నువ్వు ఎక్కడో వదిలావు.”

“మిమ్మల్ని వదలాల్సింది, పొరపాటున చెప్పులు వదిలాను.”

పళ్ల డాక్టరు నవ్వాడు. నాకూ నవ్వు రావాలి, రోజూ వచ్చేది. ఆయన నావైపు చూశాడు, నేను నవ్వానా లేదా అని కాబోలు. ఆయన చూపు తప్పించుకోవడానికి వంగి బూటు సర్దుకున్నాను. ఈ మనిషిని నేను ఏం చేశాను కిందటేడు. మా కెమెరా క్లబ్బు పోటీలో ఆయన పెట్టిన గూడు ఫొటో, పెద్దగా ప్రింటు వేసి గోడకి తగిలించారు, అందరూ ఆహా అన్నారు, నేను మాత్రం దగ్గరికెళ్లి ముక్కు ఆనించినట్టు చూశాను, ఎడమ అంచున ఆకుల మధ్య దారం. తెల్ల దారం, వేలి గోరంత. స్టూడియోలో ఇరవై రెండేళ్లు పాస్‌పోర్టు ఫొటోలకి టచింగ్ చేసిన కళ్లివి, పుట్టుమచ్చలు, గాట్లు, కాలిన చర్మాలు, ఎవరెవరి మొహాల మీదో బతుకు గీసినవన్నీ నున్నగా చెరిపేసిన కళ్లు, వీటికి దారం కనిపించకుండా పోతుందా. అందరి ముందూ వేలు పెట్టి చూపించాను. ఇదేంటి డాక్టరుగారూ అన్నాను. ఆయన ఎర్రబడిపోయాడు. కొమ్మ అడ్డం వస్తే కట్టానండీ, పది నిమిషాలే, వెంటనే విప్పేశాను అన్నాడు. విప్పినా కట్టినట్టే అన్నాను. చప్పట్లు కొట్టారు కొందరు. నాకు చప్పట్లు వినపడ్డాయి, నిజం చెప్పాలి, చాలా బాగా వినపడ్డాయి. ఆయన ఫొటో గోడమీంచి తీసేశారు. ఆయన స్టేజీ మీదికొచ్చి క్షమించమని అడిగాడు, నోట్లో డ్రిల్లు పెట్టి ఊళ్లో అందరి చేతా చేతులు జోడింపజేసుకునే మనిషి. ఆ తర్వాత నేనే అట్ట మీద నల్ల రంగుతో రాశాను, ముట్టుకోకూడదు, కదపకూడదు, కట్టకూడదు. క్లబ్బులో నీళ్ల కుండీ పైన ఇప్పటికీ వేలాడుతోంది అది. ఆ అట్టకీ అదే ముడి.

ఆయన విప్పాడు. నేను విప్పలేదు. ఎటు తిప్పి చూసినా ఇదే, ఎక్కడ మొదలెట్టినా ఇక్కడికే వస్తున్నాను. ఆయన పది నిమిషాలు కట్టి విప్పిన మనిషి, నేను కట్టి నడిచి వచ్చిన మనిషిని.

ఎందుకు కట్టాను. వెలుగు. పొద్దున ఏడున్నరకి ఒక్కసారి మబ్బు చీలింది, సన్నటి ఎండ ముక్క సరిగ్గా ఆ ఆకు వెనకాల పడింది, ఆ ఆకు తప్పుకుంటే గూటి మీద పడుతుంది. నా లెన్సు పాతది, లోపల బూజు పువ్వులా పాకింది, స్టూడియో ఓనరు పారేయబోతుంటే తెచ్చుకున్న కెమెరా, దానితో వచ్చిన పుస్తకంలో మొదటి ముప్ఫై పేజీలూ లేవు, అంచేత ఆన్ చేయడం ఎలాగో తప్ప అన్నీ నేర్చుకున్నాను అని మీటింగుల్లో చెప్పి నవ్విస్తుంటాను. చీకట్లో ఆ లెన్సు ఏమీ చూడలేదు. పళ్ల డాక్టరు లెన్సు ఒక చంటిపిల్లంత ఉంటుంది, ఆయనకి వెలుగు అక్కర్లేదు. నాకు కావాలి. ఇదీ ఒక సాకు. పేదదాని సాకు, బాగా అతుకుతుంది, వేదిక మీద చెప్తే దీనికీ చప్పట్లు కొడతారు. ఛీ. అసలు సంగతి అదీ కాదు. బయల్దేరే ముందు మా చెల్లెలు గడప దగ్గర నిలబడి అంది, అక్కా, ఒక్క అందమైన ఫొటో తీసుకురావే, గోడ మీద పెట్టుకుంటా, నువ్వు తీసినవన్నీ మొద్దులూ మురిక్కాలవలూ, మా ఇంటికొచ్చినవాళ్లకి చూపిస్తే భోజనం చెయ్యకుండా లేచిపోతారు అని. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. విమానంలో ఆరు గంటలు అదే ఆలోచించాను. ఇన్నేళ్లలో ఒక్కరైనా నా ఫొటో గోడకి పెట్టుకున్నారా. అందరూ మెచ్చుకుంటారు, నిజం తీశావు అంటారు, ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు. అందం నాకొద్దని ఊరంతా చాటిన దాన్ని, అందం కోసం రెండు పసిగుడ్ల మీది కప్పు పీకాను. అందం కోసమని కూడా కాదు, మెప్పు కోసం. మా చెల్లెలింట్లో సోఫా పైన ఒక మేకు కోసం.

అసలు మేమెవరం ఇక్కడికి రావడానికి. వేడి దేశం, తడి అడవి, చెట్టుకి చెట్టు అల్లుకుని, అరటాకంత ఆకులు, అరచేయంత సీతాకోకచిలుకలు, ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తెస్తే చాలు అద్దం మీద ఆవిరి కమ్మేసి అరగంట వరకూ ఏమీ కనిపించదు. ఆ ఆవిరి ఉన్నంతసేపే మేము మంచివాళ్లం. అద్దం తేటపడగానే మొదలు, అది పట్టు, ఇది పట్టు, నోరు తెరిచిన కప్ప, రెక్క విప్పిన పిట్ట, తీసుకుని పోతాం, ఏమీ తీసుకోలేదు ఫొటోలు తప్ప అని చొక్కాల మీద అచ్చు వేయించుకుని మరీ తిరుగుతాం. మొదటి రోజు సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఇదంతా నేనే అరిచాను. పళ్ల డాక్టరు మొహం మీదే అరిచాను. ఆ పిల్ల గిన్నెలు తీస్తూ ఆగిపోయి విన్నది. మర్నాటి నుంచి నన్ను టీచరక్కా అని పిలవడం మొదలుపెట్టింది. వద్దన్నాను. లోపల ఒప్పుకున్నాను.

అందుకే కదా నాకు చూపించింది ఆ గూడు. మిగతా ముగ్గురికీ చూపించలేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి జిగురు పుల్లలతో పిట్టల్ని పట్టి పంజరాలవాళ్లకి అమ్మేదట, ఇప్పుడు అదే చూపుతో గూళ్లు వెతికి కాపలా కాస్తుంది. ఎవర్ని గూటి దగ్గరికి తీసుకెళ్లినా పక్కనే నిలబడాలని వాళ్ల ఆఫీసు రూలు. నా దగ్గర నిలబడలేదు. దారి మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగి నిలుచుంది. మీ దగ్గర నేను కాపలా ఉంటే తప్పక్కా, మీరు తీసుకోండి, నేను ఈల వేస్తే రండి అంది. వీపు చూపించి నిలబడింది నాకు. ఆ వీపు, నీలం చొక్కా, భుజాల మధ్య చెమట మరక, మెడ దగ్గర రిబ్బనుతో కట్టిన జుట్టు. ఆ వీపు చూస్తూనే టోపీ తాడు లాగాను. చిల్లులోంచి వస్తుంటే సర్రుమని చప్పుడైంది. ఎక్కడ తిరిగి చూస్తుందోనని ఆగాను. ఆగానంటే తెలిసే చేశానన్నమాట. ఎవరికీ తెలియకూడదని తెలిసి, ఊపిరి బిగబట్టి, దొంగ ఎలా ఆగుతాడో అలా ఆగాను.

తల్లిపిట్ట వచ్చింది. గాల్లో నిలబడింది. ఎండ దాని గొంతు మీద పడి రాగి రంగు పచ్చగా, పచ్చ మళ్లీ రాగిగా మారింది, రెండు నోళ్లు తెరుచుకున్నాయి, నొక్కాను. ఒక్కటే. వచ్చేసిందని చేతులకి ముందే తెలిసింది. కెమెరా వెనక తెర మీద చూసుకున్నాను, పెద్దది చేసి చూసుకున్నాను, ఇంకా పెద్దది చేశాను, రెక్క ఈకల మధ్య సందు కూడా కనిపిస్తోంది, బూజు లెన్సుతో. అప్పుడు ఈల వినిపించింది, మబ్బు కమ్ముతోంది, కిందికి దిగిపోదాం అని. దిగాను. తెర చూసుకుంటూనే దిగాను. రాళ్లు, వేళ్లు, బురద, ఏమీ చూడలేదు, ఆ పిల్ల చెయ్యిచ్చిన చోట పట్టుకుని, వదిలిన చోట మళ్లీ తెర చూసుకుంటూ. జాగ్రత్తక్కా అంది రెండు సార్లు. వెనకాల ఒక కొమ్మ కట్టేసి ఉందని, అది నేను కట్టినదని, ఈ తెరలో ఉన్న పిట్ట ఇంకా అక్కడే ఉందని, ఒక్కసారైనా తట్టలేదు. పిట్ట నా చేతిలోకి వచ్చేసింది కదా. అడవిలో ఉన్నది నాకు అక్కర్లేకుండా పోయింది.

పది ఇరవై ఎనిమిది. మళ్లీ తీసి చూశాను తెర. చూడకూడదనుకుంటూనే చూశాను. ఎడమ అంచు పెద్దది చేశాను. ఉంది. నారింజ రంగు, వేలి గోరంత. నా రెయిన్‌కోటు తాడు. అంచు కత్తిరిస్తే పోతుంది, నాలుగు వెంట్రుకల వాసి, పిట్టకి తగలదు, ఎవరికీ తెలీదు, ఇరవై రెండేళ్లు మచ్చలు చెరిపిన దానికి ఇదొక లెక్కా. బొటనవేలు కత్తిరించే మీట మీదికి వెళ్లింది కూడా. వెళ్లిందని చెప్పుకోవాలి.

“అక్కా, తడిసిపోతున్నారు, టోపీ ఏంటి అలా?”

ఎప్పుడు వచ్చిందో పక్కకి వచ్చి నిలబడింది. గాలికి టోపీ వెనక్కి పడిపోయింది, జుట్టంతా నీళ్లు కారుతోంది, నాకు తెలియనే లేదు. కెమెరా చటుక్కున కోటు లోపలికి తోసేశాను. ఆ పిల్ల నా టోపీ ముందుకి లాగి, చిన్నపిల్లలకి కట్టినట్టు, గడ్డం కింద రెండు చేతులూ పెట్టింది. ఆ వేళ్లు తాడు కోసం వెతికాయి. ఒక చిల్లు దగ్గర, ఇంకో చిల్లు దగ్గర. నా గొంతు మీద ఆ వేళ్లు. చల్లగా.

“తాడేదీ?”

ఇప్పుడు చెప్పు. అడిగింది కూడా, ఇంతకంటే ఎవరేం సాయం చేస్తారు, నోట్లో మాట పెట్టి మరీ అడిగింది, చెప్పవే.

“మొదట్నుంచీ లేదమ్మా” అన్నాను.

నిన్న వానలో ఆ తాడు నాకు కట్టింది ఆ పిల్లే. నిన్న ఇదే వేళకి. ఆ మాట తను అనలేదు. నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, పోన్లెండి అని, జుట్టుకి కట్టుకున్న రిబ్బను లాగేసి, చిల్లుల్లోంచి దూర్చి నాకు కట్టింది. జుట్టంతా భుజాల మీద పడి తడిసిపోతోంది. నీ జుట్టు అన్నాను. “జుట్టు ఆరుతుంది, మీకు జ్వరమొస్తే విమానంలో ఎవరు చూస్తారు? ఇదిగో, ఈ కొస లాగితే ఊడిపోతుంది, మీరు గింజుకోనక్కర్లేదు.”

తర్వాత షెడ్డు గుంజకి ఆనుకుని నిలబడి, ఎవరూ వినకుండా మెల్లగా అంది. “ఈ రెండూ ఎగిరితే చాలక్కా. కిందటి సారి మూడు గూళ్లు పోయాయి నా వంతులో. నేనే సరిగ్గా చూడట్లేదని రాశారు. ఈసారి కూడా ఏమన్నా అయితే బ్యాడ్జీ తీసుకుంటారు. మళ్లీ మా నాన్న జిగురు పుల్లలే.” అని నవ్వింది. “మీరు ఫొటో పంపండి. వాటిని ఎవరూ కదపలేదని, బాగున్నాయని చూపిస్తా ఆఫీసులో.”

పంపుతానన్నాను. మొదటి అబద్ధానికి కాళ్లు లేవు కాబట్టి రెండోది ఎత్తుకుంది. అంచు కత్తిరించిన ఫొటో, ఎవరూ కదపలేదని రుజువు. నా చేత్తో. అది పట్టుకుని ఈ పిల్ల ఆఫీసు బల్ల ముందు నిలబడుతుంది, వాళ్లు ఎండిన రెండు చిక్కుడు గింజలు చూపించి, కొమ్మకి కట్టిన తాడు చూపించి, ఇదేంటి అంటారు. నేను పళ్ల డాక్టర్ని అడిగినట్టే. ఇదేంటి. అప్పుడు ఈ పిల్లకి తెలుస్తుంది, నారింజ రంగు తాడు, నిన్న తన చేత్తో కట్టిన తాడు. అప్పుడు కూడా నా పేరు చెప్పదు. అదీ తెలుసు నాకు. టీచరక్క కదా. ఎంతోమంది పెద్ద మనుషుల్ని నిలేశాను నేను, కుర్చీల్లో కూర్చుని కింది వాళ్ల మీదికి తోసేసేవాళ్లని, మీ తప్పుకి బిళ్ల జవాను ఉద్యోగం పోవాలా అని మైకులో కడిగేశాను. ఆ కుర్చీ ఇంత తేలిగ్గా దొరుకుతుందని తెలీదు. అడవిలో కూడా దొరుకుతుంది. కూర్చోడానికి ఏమీ చేయనక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

పదీ నలభై. ఇప్పుడు చెప్పినా పరిగెత్తి వెళ్తే సరిపోతుంది. పదీ నలభై మూడు. పళ్ల డాక్టరు నీళ్ల సీసా ఇచ్చాడు, తీసుకున్నాను, తాగలేదు. ఈయన లేకపోతే చెప్పేదాన్నా. ఈయన లేచి అటు వెళ్తే చెప్తాను. వెళ్లాడు, నీళ్ల అంచున నిలబడ్డాడు. చెప్పలేదు. పోస్టాఫీసాయన భార్య అటు తిరిగితే చెప్తాను. తిరిగింది. వాన కొంచెం సన్నబడితే, చప్పుడు తగ్గితే, మాట వినబడుతుంది, అప్పుడు. వాన సన్నబడింది. చప్పుడు తగ్గింది. ఆకుల మీంచి బొట్లు బొట్లుగా రాలడం మొదలైంది. పదీ యాభై. ఏదో పిట్ట గట్టిగా అరిచింది, తెరిపిచ్చిందని మిగతా వాటికి చాటుతున్నట్టు.

పడవ వచ్చింది. అనుకున్న దానికన్నా ముందే. పడవాయన మోకుని మెట్టు దగ్గరి గుంజకి రెండు చుట్లు చుట్టి, త్వరగా ఎక్కండి, నీళ్లు తగ్గిపోతున్నాయి అన్నాడు. సంచులు మొదట ఎక్కాయి. తర్వాత చెప్పులు లేని ఆవిడ, ఆవిడ చెయ్యి పట్టుకుని ఆయన, నన్ను వదలాల్సిందన్నావుగా అంటూ, నోరు మూసుకుని ఎక్కండి అని ఆవిడంటుంటే. పళ్ల డాక్టరు. నేను. పడవ ఊగింది, ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని ఎక్కించింది, మళ్లీ రండి టీచరక్కా అంది. నేను తల ఊపాను. ఊపిన తలని నరికి నీళ్లలో వేయాలనిపించింది. పడవాయన వంగి మోకు కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఊడిపోయింది. ఎంత సుళువుగా. గుంజకీ పడవకీ మధ్య నీళ్లు కనిపించాయి, బెత్తెడు, జానెడు, మూరెడు.

“తాడు!” అని అరిచాను.

అందరూ తిరిగారు. ఆ పిల్ల చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఇంజను చప్పుడు.

“తాడు! కొమ్మకి తాడు కట్టాను! గూడు దగ్గర! విప్పలేదు! నేనే కట్టాను!”

నా గొంతు మైకు లేకుండా మూడు వీధుల దాకా వినబడుతుందని మా ఊళ్లో పేరు. నీళ్ల మీద ఇంకా బాగా వినబడింది, ఒడ్డుకి తగిలి వెనక్కి కూడా వచ్చింది, నేనే కట్టాను అని. ఆ పిల్ల కదల్లేదు. తర్వాత చెయ్యి మెల్లగా పైకి లేచింది, తన గడ్డం కింద, లేని తాడు ఉండే చోట, వేళ్లు రెండు ఆనించుకుంది. అర్థమైంది. వెనక్కి తిరిగింది. మళ్లీ ఆ వీపు, నీలం చొక్కా, ఈసారి జుట్టు విరబోసి ఉంది. పరిగెత్తింది. బూట్లు బురదలో జారాయి, చెయ్యి నేలకి ఆనించి లేచి మళ్లీ పరిగెత్తింది. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

పావుగంట. ఇప్పటి నుంచి పావుగంట. చెప్పాను. ఎప్పుడు చెప్పానో కూడా చెప్పాలి కదా, పూర్తిగా చెప్పుకోవాలంటే. నేను దిగి వెళ్లనక్కర్లేని క్షణం చూసుకుని చెప్పాను. ఆ పిల్ల కళ్లలోకి చూడనక్కర్లేనంత నీళ్లు మధ్యలోకి వచ్చాక చెప్పాను. పడవ ఆపమని అనలేదు. పడవాయన నావైపు చూశాడు, ఆపాలా అన్నట్టు. నేను చూపు తిప్పుకున్నాను. ఆయన ఇంజను పెంచాడు.

పోస్టాఫీసాయనా ఆవిడా తగాదా ఆపేశారు. పళ్ల డాక్టరు నావైపే చూస్తున్నాడు. అను. అనాల్సింది నీకు నేనే నేర్పాను, నాలుగు పదాలు కూడా లేవు, విప్పినా కట్టినట్టే, మరి విప్పనిదాన్ని ఏమంటారు, అను, ఇక్కడ చప్పట్లు కొట్టడానికి ఇద్దరున్నారు. కోటు లోంచి కెమెరా తీసి ఆయన చేతిలో పెట్టాను. తెర మీద ఆ ఫొటోయే ఉంది. ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. పిట్టని చూశాడు, తర్వాత వేళ్లతో జరిపి ఎడమ అంచుకి వచ్చాడు. ఎక్కడ వెతకాలో ఆయనకి తెలుసు.

“చెరిపేయకండి” అన్నాడు, కెమెరా తిరిగిస్తూ. “ఆ పిల్లకి కావాలి. ఎవరు కట్టారో ఆఫీసులో చూపించుకోవాలి కదా.”

“పంపుతాను. అంచుతో సహా” అన్నాను.

తర్వాత అడిగాడు. “ఏ ముడి వేశారు?”

“బ్యానరుకి వేసేది.”

“వాన గాలికి వదులవుతుందా?”

“అవదు” అన్నాను.

ఆయన తన సంచి ఒళ్లోకి తీసుకుని పక్కన చోటు చేశాడు. కూర్చున్నాను. అప్పుడే మబ్బు విడిపోయింది. ఒడ్డు పొడుగునా అడవి మీద ఎండ పడింది, ఒక్కో ఆకూ విడివిడిగా మెరిసింది, నీళ్ల మీంచి ఆవిరి లేచింది. అబ్బ, వచ్చిందండీ వెలుగు, మూడు రోజులకి వచ్చింది అని పోస్టాఫీసాయన ఉండబట్టలేక కెమెరా ఎత్తాడు, ఆవిడ మోచేత్తో పొడిస్తే దించాడు. ఆరు నిమిషాలైంది. ఆ పిల్ల ఇంకా రాళ్ల వాలు దగ్గర ఉండి ఉంటుంది. నెత్తి మీద ప్లాస్టిక్ టోపీ వేడెక్కింది, చెవుల వెనక చెమట, ఊపిరాడటం లేదు, ఇంత మందం కోటు కింద నాకే ఇలా ఉంటే. గడ్డం కింద చెయ్యి పెట్టి రిబ్బను కొస ఒకటి పట్టుకుని లాగాను. గింజుకోనక్కర్లేకుండా, ఒక్క లాగుకి, ఊడి చేతిలోకి వచ్చేసింది.